సోమసూత్రం దాటని పరిక్రమ

ప్రదక్షిణ శబ్దానికి పెద్దలు ఎన్ని అర్థాలు చెప్పినా ఆచరణలో నియమం ఒక్కటే: ఆరాధ్యమూర్తి ఎల్లవేళలా కుడిచేతివైపు ఉండాలి. గర్భాలయం చుట్టూ ఉండే ఇరుకు దారి అయినా, కైలాస పర్వతం చుట్టూ ఉన్న సుమారు 52 కిలోమీటర్ల మార్గమైనా ఈ నియమం మారదు. 6,638 మీటర్ల ఆ శిఖరాన్ని ఎవరూ అధిరోహించినట్టు నమోదు లేదు. అధిరోహించాలని భక్తుడు కోరడు కూడా. పర్వతారోహకుడికి శిఖరమే గమ్యం. పరిక్రమ చేసేవాడు మాత్రం కేంద్రాన్ని ఎన్నడూ చేరకుండా, దానికే బద్ధుడై నడిచి, బయలుదేరిన చోటికే వస్తాడు.

మరి ఆ వలయం పూర్తికాక ముందే వెనుదిరగవలసి వస్తే? వెనుదిరిగిన క్షణం నుంచి స్వామి ఎడమచేతివైపుకు వస్తాడు. కడప జిల్లాకు చెందిన ఒక భక్తుణ్ణి సంవత్సరాల తరబడి వేధించిన ప్రశ్న ఇదే.

ఆయన ప్రొద్దుటూరు వాస్తవ్యుడు, విశ్రాంత ఉపాధ్యాయుడు. 2019లో, తన అరవై ఆరో ఏట, నేపాల్ మీదుగా కైలాస యాత్రకు వెళ్లాడు. వెంట జమ్మలమడుగులో ఉండే బావ, పులివెందుల దగ్గర చీనీతోట చేసుకొనే బావ మిత్రుడు. ముగ్గురిలో సన్నాహం విషయంలో ఉపాధ్యాయుడిదే అచంచలమైన నిష్ఠ. ఆరు నెలలపాటు బ్రాహ్మీముహూర్తంలో లేచి నడక, ప్రాణాయామం, ఒంటిపూట భోజనం. ఆదివారాల్లో గండికోటకు పోయి బండరాళ్ల మీద ఎక్కడం, దిగడం. రైతు మాత్రం "దినామూ తోటలో తిరిగేదే కదా" అని ఊరుకున్నాడు.

ప్రొద్దుటూరు సముద్రమట్టానికి 200 మీటర్ల ఎత్తున కూడా లేదు. పరిక్రమ మొదలయ్యే దార్చెన్ 4,600 మీటర్లకు పైన ఉంది. మార్గంలో అత్యున్నత స్థానమైన డోల్మా కనుమ సుమారు 5,630 మీటర్లు. అక్కడ వాయుపీడనం సముద్రతీరంలో ఉండేదానిలో దాదాపు సగం. ఆ ఎత్తులో కలిగే వ్యాధి దేహదార్ఢ్యాన్ని లెక్కచేయదు, నిష్ఠనూ లెక్కచేయదు. సాధన చేసిన శరీరం పడిపోవచ్చు, ఏ సాధనా ఎరుగని శరీరం నిలబడవచ్చు. తపస్సు ఫలాన్ని దేహంలో చూసుకోవాలనుకొనే సాధకుడికి ఇది మింగుడుపడని సత్యం.

మొదటి దినం యమద్వారం దాటి, పడమటి లోయ వెంట ఉత్తరంగా నడిచి, సాయంకాలానికి డిరాపుక్ చేరారు. అక్కడ కైలాసపు ఉత్తరముఖం నిటారుగా, అతి సమీపంగా కనిపిస్తుంది. ఆ దర్శనం లభించిన గంటలోనే ఉపాధ్యాయుడికి శిరోవేదన, వాంతులు మొదలయ్యాయి. వేలికి పెట్టిన ఆక్సిమీటరులో అంకె డెబ్బైకి దిగువకు పడింది. రాత్రంతా సిలిండరు పెట్టారు. తెల్లవారగానే కిందికి దింపవలసిందేనని, పైకి పంపేది లేదని మార్గదర్శి ఖండితంగా చెప్పాడు.

"నేనూ నీతో దిగొస్తాలే" అన్నాడు బావ.

"వద్దు బావా. నువ్వు పోకుంటే ఆ పాపం కూడా నాకే. నువ్వు పో."

బావ వెళ్లాడు. రైతూ వెళ్లాడు, ఇద్దరూ కనుమ దాటి, గౌరీకుండం చూసి, మూడో దినానికి దార్చెన్ చేరారు. ఉపాధ్యాయుణ్ణి గుర్రం మీద వచ్చిన దారినే దించారు. ఎదురుగా యాత్రికులు వస్తూనే ఉన్నారు, కైలాసం వాళ్ల కుడివైపున. ఆయనకు ఎడమవైపున. ఆయన దిశలోనే నడుస్తున్న కొందరు టిబెటన్లు కనిపిస్తే గుర్రం పట్టినవాణ్ణి సైగలతో అడిగాడు. వాళ్లు బోన్ ధర్మీయులు. వాళ్ల సంప్రదాయంలో పరిక్రమ అపసవ్యంగానే సాగుతుంది. ఆ సమాచారం ఆయనకు అప్పుడు ఏ ఊరటా ఇవ్వలేదు.

ఇంటికి వచ్చాక మానససరోవర తీర్థం అందరికీ పంచాడు. "పరిక్రమ పూర్తయిందా?" అని అడిగినవారికి తొలుత వివరంగా చెప్పేవాడు, పిదప మానేశాడు. మళ్లీ వెళ్లాలన్న సంకల్పం ఉండనే ఉంది. 2020లో భారత ప్రభుత్వ యాత్ర నిలిచిపోయి, 2025లో గాని పునఃప్రారంభం కాలేదు. అందులో వయఃపరిమితి 70 ఏళ్లు. ఆయనకు అప్పటికి 72.

సమాధానం పెన్నా ఒడ్డున, ప్రొద్దుటూరు రామేశ్వరంలో దొరికింది. దొరికిందనడం కంటే అంతకాలం కళ్లెదుటే ఉండి గోచరించలేదనడం ఉచితం. శివాలయంలో అభిషేకజలం బయటికి ప్రవహించే సోమసూత్రాన్ని దాటకూడదని నియమం. భక్తుడు అక్కడివరకు వెళ్లి, వచ్చిన దారినే వెనుదిరుగుతాడు. అంటే ప్రతి చండీప్రదక్షిణలోనూ శివుడు కొంతదూరం ఎడమచేతివైపే ఉంటాడు. విష్ణ్వాలయంలోని పూర్ణవలయం ఇక్కడ విధి కాదు. సాధారణంగా ఆ సోమసూత్రం ఉండేది ఆలయానికి ఉత్తరాన. డిరాపుక్ ఉన్నదీ కైలాసానికి ఉత్తరాననే. చిన్ననాటి నుంచి చేస్తున్న ప్రదక్షిణే తాను కైలాసంలోనూ చేశానని ఒక సోమవారం ఆయనకు స్ఫురించింది.

ఈ సామ్యాన్ని శాస్త్రప్రమాణంగా చెలామణి చేయడం తగదు. ఆలయంలో వెనుదిరగడం విధి. డిరాపుక్‌లో వెనుదిరగడం దేహధర్మం. కైలాసానికి సోమసూత్ర నియమం ఏ సంప్రదాయమూ పాటించడం లేదు, కోట్లాది భక్తులు పూర్ణవలయాన్నే కోరుతున్నారు. అయినా, అసంపూర్ణతను అపచారంగా మాత్రమే చూసే దృష్టి శైవాచారానిది కాదని చెప్పడానికి సోమసూత్రం చాలు.

బావకు ఈ మాట చెబితే మౌనంగా విన్నాడు. డోల్మా కనుమ మీద తాను ఏడ్చిన సంగతి ఆయన అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఆ దినం చెప్పాడు. భక్తితో కాదట, బావమరిదిని కింద వదిలి వచ్చినందుకట.

రైతుకు సోమసూత్రం సంగతి అంతగా పట్టలేదు. ఆయన ఎరిగిన క్షేత్రం వేరు. పాపఘ్ని కొండల్ని చీల్చుకొని పారే గండిలో, శ్రీరాముడు బాణపు మొనతో శిలపై ఆంజనేయుణ్ణి చిత్రించి, చిటికెనవేలు పూర్తిచేయక ముందే కదిలి వెళ్లాడని, తరువాత ఆ వేలు చెక్కబోతే రక్తం స్రవించిందని స్థలపురాణం.

"సారూ, ఆ వేలు లేదని మేము గండికి పోకుండా ఉండామా?" అన్నాడు.

ఉపాధ్యాయుడు బదులు చెప్పలేదు. శ్రావణమాసపు శనివారాలు ఏ తేదీల్లో పడుతున్నాయో చూడమని పంచాంగం తెచ్చి బావ చేతిలో పెట్టాడు.