గిన్నె ఖాళీగా రాదు

పడుకునే ముందు ఆ రోజు జరిగిన మూడు మంచి పనులకు కృతజ్ఞతలు రాసుకోవాలట. ఈ సందేశం ఇంటింటి వాట్సాప్ గ్రూపుల్లో తెల్లారకముందే వచ్చి పడుతుంది. దాని కింద పెద్దకొడుకు జోడించిన చేతుల బొమ్మ పెడతాడు, చిన్నకోడలు గులాబీ పెడుతుంది. ఆ వేళకు అందరికీ చాయ్ పెడుతున్న ముసలవ్వ మాత్రం గ్రూపులో ఉండదు. ఆమెది మీటల ఫోను.

ఈ రాతల ఫ్యాషన్‌కు ఊపునిచ్చింది 2003లో అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అచ్చువేసిన పరిశోధన. వారానికోసారి తమకు జరిగిన మేళ్లు రాసుకున్నవాళ్లు, చికాకులు రాసుకున్నవాళ్ల కన్నా తమ బతుకు బాగుందని చెప్పారు. కాదనడానికేముంది? రాసుకున్నవాడికి బాగానే ఉంది. వండిపెట్టినామెకు ఏం తెలిసినట్టు?

2018లో మరో సంగతి బయటికొచ్చింది. ఐదు ఖండాల్లో ఎనిమిది భాషలవాళ్లు ఇళ్లలో, దోస్తుల మధ్య మాట్లాడుకునే మాటలను పరిశోధకులు రికార్డు చేసి చూశారు. అడిగింది చేసిపెట్టినప్పుడు నోరు తెరిచి కృతజ్ఞత చెప్పింది దాదాపు ఇరవైసార్లకు ఒకసారి. తెలుగు ఆ ఎనిమిదిలో లేదు. ఉన్నా లెక్క పైకి లేచేది కాదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా చెన్నూరులో మొగుడు పప్పు గిన్నె అందుకుని "థ్యాంక్స్" అంటే పెండ్లాం ముందు నుదురు మీద చెయ్యి పెట్టి చూస్తుంది, జరమొచ్చిందేమోనని.

అంటే ఇక్కడివాళ్లకు చేసిన మేలు గుర్తుండదని కాదు. పొలాల అమావాస్యనాడు చూడాలి. చెన్నూరు దాటి పోతే ప్రాణహిత, ప్రాణహిత దాటితే మహారాష్ట్ర. అక్కడ పోలా అనేదే ఉమ్మడి ఆదిలాబాద్ పల్లెల్లో శ్రావణ అమావాస్యకు వచ్చే ఎడ్ల పండుగ. ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. పొద్దున్నే వాగుకు తోలుకుపోయి రుద్ది రుద్ది కడుగుతారు. కొమ్ములకు రంగు వేస్తారు, మెడలో గజ్జెలు కడతారు, హనుమాన్ గుడి చుట్టూ తిప్పుతారు. ఇంటి ముందుకు రాగానే కాళ్లు కడిగి, బొట్టు పెట్టి, నైవేద్యం తినిపిస్తారు. అప్పటిదాకా రైతు ఒక్కపొద్దే. ఎద్దులు లేని ఇళ్లలో మట్టి ఎద్దులకైనా పూజ జరుగుతుంది. ట్రాక్టరు కొన్నవాడు కూడా అదేదో బాకీ ఉన్నట్టు మట్టి ఎద్దుల జతను ఇంటికి తెచ్చుకుంటాడు.

ఎద్దుకు ఏడాదికో రోజైనా సెలవు దొరికింది. ఆ రోజు పోలెలు ఒత్తినామెకు అదీ లేదు. ఈ మాట పండుగపూట అనకూడదు గాని, అనకుండా ఉండటమూ కష్టమే.

సరిగ్గా నెలకు పెత్రమాస. పోయినవాళ్ల పేరు మీద బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు పళ్లెంలో పెట్టి అయ్యగారికి ఇస్తారు. ముత్తాత పేరు ఎవరికీ గుర్తు రాదు. పెద్దవ్వను లేపి అడుగుతారు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ.

బతికున్నవాళ్ల మధ్య లెక్క ఇంకా గుట్టుగా నడుస్తుంది. మందమర్రి, శ్రీరాంపూర్ బొగ్గు గనుల్లో మొదటి షిఫ్టుకు పోయేవాళ్ల ఇళ్లలో కోడి కూయకముందే టిఫిన్ డబ్బా సర్దాలి. అది సాయంత్రం కడిగి వచ్చిందా, అడుగున ఎండిన చారుతో వచ్చిందా అన్నదాన్ని బట్టి ఆ ఇంటి సంగతి చాలావరకు చెప్పేయవచ్చు. కడిగి తెచ్చినవాడు నోటితో ఏమీ అనడు. అననక్కర్లేదు కూడా.

ఇక గిన్నెలు. పక్కింటి నుంచి సద్దుల బతుకమ్మకు సత్తుపిండో, ఉత్తపుణ్యానికి చింతచిగురు పప్పో వస్తే ఆ గిన్నెను ఖాళీగా పంపరు. ఇంట్లో ఏమీ లేకపోతే పిడికెడు చక్కెరైనా వేస్తారు. ఇప్పుడు కూర ప్లాస్టిక్ డబ్బాలో వస్తోంది, "పారేయండి వదినె, తిరిగి పంపకండి" అన్న మాటతో సహా. పెద్ద మర్యాదగా వినిపిస్తుంది. కానీ తిరిగి పంపేదే లేకపోతే గడప దాటి పోయేదెవరు?

స్టీలు గిన్నెలకు పేర్లుండేవి. సామాన్ల దుకాణం ముందు స్టూలేసుకుని కూర్చున్న మనిషి కరెంటు కలంతో గర్రుగర్రుమని చుక్కలు పొడుస్తూ ఇంటిపేరు, పెళ్లి తేదీ, ఇచ్చిన మేనమామ పేరు చెక్కేవాడు. ఒత్తులు, దీర్ఘాలు ఆయన ఇష్టం. ఒకరి గృహప్రవేశం గిన్నె మరొకరి వంటింట్లో, ఒకరి షష్టిపూర్తి పళ్లెం మంచిర్యాలలో ఇంకెవరి బిడ్డ దగ్గరో తేలేది. దాన్ని అడిగి తెచ్చుకోవడానికి ఒక పద్ధతుంది. నేరుగా అడగరు. ఓ సాయంత్రం పోయి కూర్చుని, పిల్లల సంగతులడిగి, చాయ్ తాగి, లేస్తూ లేస్తూ గడప దగ్గర "మా చిన్న గిన్నెగిట్ల ఈడున్నదా వదినె?" అంటారు. ఉంటుంది. దాంట్లో రెండు నిమ్మకాయలు పడతాయి.

మూతలు మాత్రం రావు. వాటి మీద పేరు చెక్కించాలని ఎవరికీ తోచలేదెందుకో. మొదట పోయేవి అవే.