ఐతారం పది గంటలకు

చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లే కార్లు హిమాయత్‌నగర్‌లో మలుపు తిరుగుతాయి. వీసా మొక్కున్నవాళ్లు ఊరివైపు చూడకుండానే దాటిపోతారు. ఆ ఆదివారం పొద్దున నేను ఆ ఊళ్లోనే ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాను.

‘‘కోర్టు ఐతారం పది గంటలకని రాసింది బిడ్డా. ఇది ఎనిమిదింటికే గేటు కాడ కూసుంటది’’ అంది అమ్మమ్మ. గేటు దగ్గర ఏడేళ్ల మనవరాలు, పక్కన సంచి.

అమ్మానాన్నలు విడిపోయాక పాప తల్లితో ఇక్కడికి వచ్చింది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం బిడ్డ మామూలుగా ఉండే చోటును బట్టే కోర్టు. అందుకే నగరానికి ఆ చివర ఎల్బీనగర్‌లో ఉన్న జిల్లా కోర్టు దాకా తిరిగారు. అయిదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలంటుంది 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం. ఈ పాపకు ఆ వయసు దాటింది కాబట్టి జడ్జి తన గదిలోకి పిలిచి మాట్లాడారు. పాప తల్లి దగ్గరుండాలి, రెండు వారాలకోసారి ఆదివారం పది నుంచి అయిదు దాకా తండ్రితో గడపాలి అని తీర్పిచ్చారు.

మొదట్లో కోర్టు ఆవరణలోనే గంటసేపు కలిపేవారట. తండ్రి తెచ్చిన బొమ్మను పాప ముట్టనే లేదట. ఎందుకు ముడుతుంది? నల్లకోట్ల మధ్య బెంచీ మీద కూర్చుని ఏ పిల్ల బడి కబుర్లు చెబుతుంది? అమెరికాలో కాపురమున్న దంపతుల తగవైన యషితా సాహూ కేసులో 2020లో తల్లిదండ్రులిద్దరి ప్రేమా బిడ్డ హక్కేనంది సుప్రీంకోర్టు. దూరంగా ఉన్నవారు బిడ్డతో రోజూ 5–10 నిమిషాలైనా మాట్లాడగలగాలంది. హక్కును బిడ్డ వైపు నుంచి లెక్కగట్టిన ఆ మాట ప్రతి కోర్టు గోడమీదా ఉండాలనిపిస్తుంది నాకు.

పదికి తండ్రి వచ్చాడు. అత్తా అల్లుళ్ల మధ్య ఏడాదిగా మాటల్లేవు. పాపకు రెండు రోజులుగా దగ్గు. అమ్మమ్మ గేటు దాకా నడిచి, ‘‘మందు సంచిల పెట్టిన. అన్నం తిన్నంక ఒక చెంచా’’ అంది, అతని మొహం చూడకుండా.

సాయంత్రం అయిదుకు ముందే బండి ఆగింది. పాప లోపలికి పరుగెత్తింది. అతను సీసా తీసి ఇచ్చాడు.

‘‘మధ్యాహ్నం వేశాను అత్తమ్మా.’’

ఆమె సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది.

‘‘రాత్రిది నేనేస్త’’ అంది.