మేడ మీదికి తీగ

మా పిన్ని ఫోన్ చేసి "మేడ మీద నెట్ రావట్లేదురా, అద్దెకున్న పిల్లలు పొద్దస్తమానం నన్నే అడుగుతున్నారు" అంటే ఆదివారం గన్నవరం వెళ్లాను. నేను వెళ్లేసరికే నెట్ పని చేసే ఆయన హాల్లో చాప మీద కూర్చుని తీగ ఒలుస్తున్నారు. యాభై దాటిన మనిషి. కేబుల్ టీవీ రోజుల్లో స్తంభాలెక్కి నేర్చుకున్న పని అట.

ఆ చేతుల దగ్గర్నుంచి నేను గంటసేపు కదల్లేదు. పైతొడుగును బ్లేడుతో చుట్టూ గీసి లాగారు. లోపల నాలుగు జతలు, ఒక్కో జతా మెలి తిరిగి ఉంది. ఆ మెలిక అరంగుళం మించి విప్పరు. పక్కనున్న కరెంటు తీగల రొద జతలోని రెండు తీగల మీదా ఒకేలా పడి అవతలి కొసన చెల్లిపోయేది ఆ మెలిక వల్లే. తర్వాత రంగుల వరస: తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. ఆకుపచ్చ జతను విడదీసి మధ్యలో నీలం జతను దూర్చాలి. కొత్తవాళ్లు తడబడేది అక్కడేనట. ఎనిమిదింటినీ బొటనవేలి కింద అదిమి, కొసలు సమంగా కత్తిరించి, జాక్‌లోకి తోసి, వెలుతురుకి పట్టి చూసి, అప్పుడు క్రింపర్ నొక్కారు.

బాబాయి బెజవాడలో కొనుక్కొచ్చిన తీగ చుట్టను మాత్రం ఆయన పక్కన పెట్టేశారు. ఒక తీగను చాకుతో గీకి చూపించారు. ఎర్రటి పొర కింద తెల్లగా అల్యూమినియం. "రాగి పూతండి బాబాయిగారూ. ఇవాళ పనిచేస్తది, వంచినకాడ రేపు ఇరుగుద్ది." తన సంచిలోంచి అసలు రాగి తీగ తీశారు.

ఆ ఇంట్లో ఉన్నవి చెప్పాలి. ఎరువుల కొట్టు లెక్కలు రాసే బాబాయి పాత విండోస్ 7 కంప్యూటరు. డల్లాస్ నుంచి మా తమ్ముడు పంపిన మాక్‌బుక్. మేడ మీద పశువైద్య కళాశాలలో చదివే అమ్మాయి ఉబుంటు లాప్‌టాప్. పక్క గదిలో కేసరపల్లి మేధా టవర్స్‌లో ఉద్యోగం చేసే అబ్బాయి కంపెనీ లాప్‌టాప్. వీటికి తోడు పనిమనిషి కూతురు తెచ్చుకునే ట్యాబ్. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలకిచ్చినది. అందరికీ కలిపి ప్రింటరు ఒకటే.

2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు, నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ అంటే ఊళ్లన్నీ సంబరపడ్డాయి. కరెంటు స్తంభాల మీదుగా గాజు తీగ పల్లెల దాకా వచ్చింది. ఇంట్లోకి వచ్చాక అది ఎటు పోవాలన్నది మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. మా పిన్ని ఇంట్లో వైఫై పెట్టెను టీవీ బీరువాలో, ఇనప బొమ్మల వెనక పెట్టి వెళ్లిపోయారు. పెంకుటింట్లో అయితే ఎలాగో నెట్టుకొచ్చేది. ఇక్కడ నెత్తి మీద ఇనప చువ్వలతో నిండిన స్లాబు. దాన్ని దాటేసరికి 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నలే నీరసిస్తుంది, 5 గిగాహెర్ట్జ్ సంగతి చెప్పక్కర్లేదు. దీనికి మందుగా ఒక కొట్టువాళ్లు నాలుగు వేల బూస్టర్ అంటగట్టారు. పాత కంప్యూటరు కొత్త వైఫైకి అతకకపోతే "అది చచ్చిపోయింది, కొత్తది కొనండి" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

అది చావలేదు. పెట్టెలో డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై భద్రతా పద్ధతి ఒక్కటే పెట్టి ఉంది. దాన్ని పాత విండోస్ అర్థం చేసుకోలేదు. ఆయన పాత డబ్ల్యూపీఏ2 కూడా కలిపిన పద్ధతికి మార్చాక పది నిమిషాల్లో బాబాయి లెక్కలు తెరుచుకున్నాయి. అటక మీద పడున్న పాత రూటర్ దించి, అడ్రసులు పంచే పని అందులో ఆపేసి, ఇప్పుడే ఒలిచిన తీగతో కింది పెట్టెకు కలిపి మేడ మీద పెట్టారు. ఫోన్లో చూస్తే చుట్టుపక్కల ఇళ్లన్నీ 6వ చానల్లోనే కిక్కిరిసి ఉన్నాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11 మూడే. కింద 1, పైన 11 పెట్టారు. ప్రింటరును తీగతో కింది పెట్టెకే తగిలించారు. ఆ అమ్మాయి పైనుంచి కాగితం పంపితే కింద హాల్లో అచ్చయింది. ఇన్నాళ్లూ పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లు దిగేది.

ఇలా విండోస్, మాక్, ఉబుంటు మూడు రకాల కంప్యూటర్లూ ఒకే ప్రింటరునూ, ఒకే ఫోల్డరునూ పంచుకోగలగడం ఊరికే వచ్చింది కాదు. ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రాలో చదువుకుంటూ ఆండ్రూ ట్రిడ్జెల్ అనే కుర్రాడు తన పీసీని యూనిక్స్ యంత్రానికి కలుపుకోవాలని రాసుకున్న ప్రోగ్రామే తర్వాత సాంబా అయింది. డబ్బు తీసుకోకుండా లోకానికి ఇచ్చేశాడు. నెట్ తెగిపోయిన రోజు కూడా ఇంట్లో కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోగలవని మా పిన్నికి ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు. నెట్ అంటే నెలనెలా కొనుక్కునే సరుకని చెప్పారు, అంతే.

ముప్పై మీటర్ల తీగ, క్లిప్పులు, కూలి అన్నీ కలిపి పదిహేను వందల లోపే అయింది. కూలి ఆరు వందలన్నప్పుడు బాబాయి బేరమాడబోతే నేను అడ్డుపడ్డాను. బూస్టరుకి నాలుగు వేలు నోరెత్తకుండా ఇచ్చి, ఈ చేతుల దగ్గర వంద తగ్గించమనడం నాకు నచ్చలేదు.

తీగ గోడ బయట కిటికీ పక్కనుంచి పైకి పాకింది. ఎండకీ వానకీ అక్కడే ఉంటుంది. స్లాబు వేసిన రోజు అంగుళం పైపు ఒకటి ఖాళీగా వదిలి ఉంటే సరిపోయేది. ఫ్యానుకి, ఏసీకి, మోటారుకి పైపులు వేసే మేస్త్రీలు నెట్ తీగకి వెయ్యరు, అడిగే ఇంటివాళ్లూ లేరు.

పక్క స్థలంలో సెంట్రింగ్ కొట్టి, చువ్వలు కట్టి ఉన్నాయి. ఆయన సంచి సర్దుకుని గోడ దగ్గరకెళ్లి మేస్త్రీని పిలిచారు. "తమ్ముడూ, మెట్లకాడ ఒక కాళీ పైపు పైకి ఒగ్గెయ్. నెట్‌కి పనికొచ్చుద్ది."

"ప్లానులో లేదన్నా. ఇంటోళ్లు అమెరికాలో ఉన్నారు. రేపు పొద్దున్నే కాంక్రీటు."

మధ్యాహ్నం మూడున్నర. అక్కడ ఇంకా తెల్లవారలేదు. మా పిన్ని అప్పటికే ఫోన్ తీసి వాళ్ల నంబరు వెతుకుతోంది.