తాలింపు లేని పెరుగన్నం

విజయవాడలోని ఆ థెరపీ కేంద్రంలో తిండి నేర్పే గది చిన్నది. పొట్టి బల్ల, రెండు కుర్చీలు, మూలన బరువు తూచే మెషీన్. ఆటిజం ఉన్న ఆరేళ్ల బాబుని తల్లీ, నాయనమ్మా తీసుకొచ్చారు. ఆ వయసుకి ఇరవై కిలోలకి అటూ ఇటూ ఉండాలి. ముల్లు పద్నాలుగు దగ్గర ఆగింది. బాబు తినేవి నాలుగే: అప్పడం, ఒకే కంపెనీ బిస్కెట్, పాలు, తాలింపు లేని పెరుగన్నం.

"ఒక్క ఆవగింజ పంటికి తగిలిందంటే గిన్నె విసిరేస్తాడండీ. ఇక వారం దాకా పెరుగు ముట్టడు," అంది తల్లి.

ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి వాసన, రంగు, నోటికి తగిలే తీరు మనకంటే ఎంతో తీవ్రంగా తెలుస్తాయి. మెత్తటి ముద్దలో గట్టి గింజ వాళ్లని బెదరగొడుతుంది. పోపు గింజల ఉప్మా, పల్లీలు వేసిన పులిహోర అందుకే కష్టం. అప్పడం ఎప్పుడు కొరికినా ఒకేలా కరకరలాడుతుంది. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ పదకొండు మంది పిల్లల గురించి చెబుతూ ఆటిజంపై రాసిన తన తొలి వ్యాసంలోనే వాళ్లలో పలువురి తిండి ఇబ్బందులున్నాయి. అయినా "గారాబం చేసి చెడగొట్టావు" అనే మాట ఈనాటికీ తల్లులకి తప్పడం లేదు. అది అన్యాయం.

థెరపిస్ట్ పళ్లెంలో అప్పడం ముక్క పెట్టి, కాస్త దూరంగా గోరంత కరకర దోసె ముక్క పెట్టింది. తినమని అనలేదు. బాబు దాన్ని వేలికొసతో నెట్టాడు. మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. వాసన చూసి వదిలేశాడు. "ఇవాళ్టికి ఇది చాలు," అందామె.

నాయనమ్మ ఉండబట్టలేక, "ముక్కు మూసి పెడితే మింగడా అమ్మా?" అంది.

"అలా చేస్తే దోసె సంగతి అటుంచి, తినే పెరుగన్నం కూడా మానేస్తాడు మామ్మగారూ. పొలమారితే ప్రాణం మీదికొస్తుంది."

పాలూ గోధుమలూ మానిపిస్తే ఆటిజం తగ్గుతుందని వీళ్లకి ఎవరో చెప్పారట. అలా తగ్గుతుందనడానికి గట్టి ఆధారమేమీ లేదు. అలర్జీ ఉందని పరీక్షలో తేలితే వేరు సంగతి. ఉన్న నాలుగింటిలో పాలూ పెరుగూ తీసేస్తే ఈ బిడ్డకి మిగిలేదేమిటి? పళ్లూ కూరలూ ముట్టని ఇలాంటి పిల్లల్లో సి విటమిన్ లోపించి స్కర్వీ వచ్చి, కాళ్ల నొప్పులతో నడక మానేసిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. బరువు బాగానే ఉన్న పిల్లల్లోనూ ఇలాంటి లోపాలు దాగి ఉండొచ్చు.

బాబుకి విరేచనమై నాలుగు రోజులైందని మాటల్లో బయటపడింది. థెరపిస్ట్ వెంటనే కలం తీసింది. కడుపు నొప్పో, పిప్పి పన్నో, ఛాతీలో మంటో ఉందని మాటలు రాని పిల్లాడు ఎలా చెబుతాడు? ముందు పిల్లల డాక్టరుకి చూపించి, మలబద్ధకానికి మందు, ఐరన్ పరీక్ష, పళ్ల తనిఖీ చేయించమని చీటీ రాసిచ్చింది. దోసె సంగతి ఆ తర్వాతేనట.