మా నీళ్లబండి చిక్కు

మోటారు బండి సంగతి యనగానే పుట త్రిప్పివేయవలదని నా ప్రార్థన. మా యింట పొయ్యి వెలుగుటకు ఒక పాత పెట్రోలు వ్యానే యాధారము గాన, దాని జబ్బు నాకు బిడ్డ జబ్బువంటిదే.

మా గుమ్మఘట్ట ప్రాంతము మెట్టభూమి. అనంతపురము సీమలో సాలుకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనను వేరుసెనగకు కావలసిన దినమున కురియదు. వేదవతిపై భైరవానితిప్ప ఆనకట్ట యున్నను, అది నిండిన యేడు మాకు పండుగ. ఈ జిల్లాలో అనేక గ్రామముల బోరునీటియందు ఫ్లోరైడు మితిమీరి యుండుటచే పండ్లు గారపట్టుట, కీళ్లు బిగియుట మేమెరిగిన బాధలే. శుద్ధిచేసిన నీటిని ఇరువది లీటర్ల డబ్బాలలో ఊరూర చేర్చుట మావారి వృత్తి. వ్యాను ఒక్కపూట నిలిచినచో ఆ పూట కొన్ని యిండ్లలో పిల్లలు, ముసలివారు మరల ఆ బోరునీళ్లే త్రాగవలసివచ్చును.

గడచిన వేసవిలో అది నిలువసాగెను. ఉదయము చల్లనివేళ చక్కగా కదలును. ప్రొద్దెక్కి, నిండు బరువుతో మిట్ట యెక్కునపుడు తడబడి యాగిపోవును. అరగంట చల్లారిన పిమ్మట మరల నడుచును. మెకానిక్కు చూచి, "పంపు పోయిందక్కా, బ్యాటరీ కూడా ముసలిదే. రెండూ మార్చాల్సిందే" అనెను. ఆ రెండింటి వెలకు మా చిన్నదాని కాలేజీ రుసుమునకై దాచిన సొమ్ము తప్ప వేరు దారి లేదు.

పంపు అనగా పెట్రోలు టాంకులో మునిగియుండు చిన్న విద్యున్మోటారు. తాళము త్రిప్పగానే రెండు సెకండ్లపాటు తుమ్మెద రొదవంటి సన్నని చప్పుడు వినవచ్చునే, అది దానిదే. వోల్టేజి తగ్గిన దాని వేగము తగ్గును. వేగము తగ్గిన పెట్రోలు ఒత్తిడి పడిపోయి ఇంజను ఆకలికి చాలదు. ఇది వినగానే నాకు మా పొలము జ్ఞప్తికి వచ్చినది. లో వోల్టేజి వలన బోరు మోటారు మూలుగుట, చుట్ట కాలిపోవుట ఈ సీమ రైతుటిండ్ల ఆడువారికి క్రొత్తగాదు. నీరెత్తనపుడు మామగారు మొదటనే మోటారును పైకి లాగింపరు; స్టార్టరు వద్ద వోల్టేజి చూతురు. బోరునకు చెల్లిన నీతి బండికేల చెల్లదు? "ఏమండీ, పంపు కొనేముందు దానికి కరెంటు సరిగా అందుతోందేమో చూడరాదా?" అని మావారిని అడిగితిని.

పొలమునకు వాడు మల్టీమీటరే దీనికిని చాలినది. చేతి బంగారు గాజులు, ఉంగరము తీసివేసి, మెడలోని గొలుసును రవికలోపలికి దోపుకొంటిని. ఇది చాదస్తము గాదు. లోహపు గాజు బ్యాటరీ ప్లస్సు కొనకును, బండి యినుమునకును ఒకేసారి తగిలెనా, రెప్పపాటులో కాలి చర్మమును మాడ్చును. బ్యాటరీనుండి హైడ్రోజను వాయువు వెలువడును గాన చెంత అగ్గిపుల్ల గీయరాదు. పెట్రోలు ఆవిరి సంగతి వేరుగ చెప్పనేల?

రాత్రియంతయు విశ్రమించిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిన నిండుగానున్నదనియు, 12.2 చూపిన సగమే మిగిలినదనియు అర్థము. మాది 12.5 చూపెను. స్టార్టు చేయునపుడు 10కి దిగువకు జారలేదు. ఇంజను నడుచునపుడు 14.1, అనగా ఆల్టర్నేటరు క్షేమము. ముసలిదన్న నిందయే గాని బ్యాటరీ దోషమేమియు లేదు. ఫ్యూజు, రిలే బాగుగనే యున్నవి. పిమ్మట పంపు తిరుగుచుండగనే దాని రెండు తీగల నడుమ కొలిచితిమి. 10.9 మాత్రమే! చెరువు నిండియుండియు కాలువ చివరి మడి ఎండినట్లున్నది.

నడుమ నీరెచట ఇంకిపోవుచున్నదో చూడవలెను. బ్యాటరీ ప్లస్సునుండి పంపు ప్లస్సు తీగవరకు మీటరు పెట్టగా 0.3; సహింపదగినదే. పంపు మైనస్సు తీగనుండి బ్యాటరీ మైనస్సువరకు పెట్టగా 2.9! అర వోల్టు మించరాని చోటది. ఆ ఎర్తు తీగ బండి వెనుకభాగమున అడుగురేకునకు ఒక బోల్టుతో బిగింపబడియున్నది. డబ్బాలనుండి యేండ్ల తరబడి చిందిన నీరు చాప క్రిందికి దిగి దానిని త్రుప్పు పట్టించినది. వాన యెరుగని సీమలో బండికి త్రుప్పు! ఊరికి త్రాగునీరు మోసిన బండిని ఆ నీరే ఆపినది.

మెకానిక్కు కొలువకపోలేదు. పంపు తీగ నూడదీసి కొలిచెనట. అట్లు కొలిచిన 12 వోల్టులును నిండుగనే కనబడును. ప్రవాహము లేనిచోట అడ్డు బయటపడదు. పని జరుగుచుండగా కొలిచిననే నిజము తెలియును.

బ్యాటరీ మైనస్సు తీగ ముందుగా విప్పి, గరుకు కాగితముతో రేకు మెరయువరకు రుద్ది, క్రొత్త బోల్టు బిగించి, పైన వ్యాసలీను పూసి, ఆ మైనస్సు తీగను కట్టకడపట తగిలించితిమి. పంపు వద్ద ఇపుడు 13.6. మిట్ట యెక్కుటలో తడబాటు లేదు.

బ్యాటరీ కొనలపై తెల్లని, పచ్చని పొడి పేరుకొన్నచో మూతలు బిగించి, వంటసోడా కలిపిన వేడినీటితో కడుగవలెను. మూతలుగల బ్యాటరీలో వేసవి యెండకు నీరు త్వరగా తరుగును. అందు డిస్టిల్డు వాటరు తప్ప వేరొకటి పోయరాదు. మేమమ్ము శుద్ధినీటిలో సైతము కొంత లవణము మిగిలియుండును. ఇక బోరునీళ్లు బిందె అడుగున తెల్లగా గారకట్టుట చూచినవారు వానిని సీసపు పలకలపై పోయ సాహసింతురా? పంపును చల్లార్చునది పెట్రోలే గాన, టాంకును అడుగంటనిచ్చి నడుపుట కూడ మానితిమి.

చిన్నదాని రుసుము గడువులోపలనే కట్టితిమి. డబ్బాల క్రింద రబ్బరు పరుపు వేసి, చిందిన నీరు వెలికి పోవుటకు గొట్టమమర్చినాము. నెలకొకసారి ఎర్తు బోల్టును చిన్నదే చూచుచున్నది. మీటరు దాని చేతికి పోయినది. బోరు వద్దకు వెళ్లునపుడు మామగారు దానిని బతిమాలి పుచ్చుకొనుచున్నారు.