కలివికోడి – యోగ్యానుపలబ్ధి

అద్వైత వేదాంతం అంగీకరించిన ఆరు ప్రమాణాలలో చివరిది అనుపలబ్ధి. ఒక వస్తువు యొక్క అభావాన్ని తెలిపే ప్రమాణమిది. పట్టపగలు నేలమీద కుండ కనబడకపోతే, అక్కడ కుండ లేదని నిశ్చయం కలుగుతుంది. అయితే 'కనబడలేదు' అన్న ప్రతి మాటా ప్రమాణం కాదు. 'ఉండి ఉంటే తప్పక కనబడేది' అని చెప్పగలిగిన చోటనే అది ప్రమాణమవుతుంది. పెద్దలు దీనిని యోగ్యానుపలబ్ధి అన్నారు. ధర్మరాజాధ్వరీంద్రుల వేదాంత పరిభాష ఇక్కడ అంధకారాన్ని ఉదాహరిస్తుంది. చీకటిలో కుండ కనబడనంత మాత్రాన కుండ లేదనరాదు.

ఈ శాస్త్రసూక్ష్మానికి తెలుగునేల మీదనే ఒక సజీవ దృష్టాంతం ఉన్నది. అది కడప జిల్లాలో, శ్రీలంకమల్లేశ్వరుని పేరిట వెలసిన అభయారణ్య ప్రాంతంలో, ముళ్లపొదల నడుమ సంచరించే కలివికోడి.

ఈ పక్షి 1848లో శాస్త్రగ్రంథాలకెక్కింది. దానిని సేకరించిన జెర్డాన్ అనే ఆంగ్ల వైద్యుని పేరే లోకంలో దానికి స్థిరపడింది. 1900 తరువాత అది విద్వాంసుల కంటబడలేదు. దశాబ్దాలు గడిచాయి. ఆ జాతి అంతరించిందనే అందరూ భావించారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకు, స్థానిక వేటగాళ్ల సహాయంతో, అది తిరిగి లభించింది. దొరికినది రాత్రివేళ, దీపపు వెలుగులో. కలివికోడి నిశాచరం. ఎనభై ఆరేళ్లు 'లేదు' అనిపించినది నిజానికి ఉన్నది. లోపించినది పక్షి కాదు, ఉపలబ్ధికి తగిన యోగ్యత.

చీకటిలో కంటికి యోగ్యత లేనప్పుడు చెవికి ఉంటుంది. అందుకే తరువాతి పరిశోధకులు ఆ పక్షి కూతను ఆధారం చేసుకొన్నారు. రెండు స్వరాల కూత అది. సూర్యాస్తమయమైన సుమారు ముప్పావుగంటకు మొదలై, కొద్ది నిమిషాలలోనే ముగుస్తుంది. ఆ స్వల్పకాలంలో ఆ చోట నిశ్శబ్దంగా నిలిచి ఉన్నవానికే అది వినబడుతుంది. ఒక గడియ ముందు వచ్చి వెళ్లినవాడు 'ఏమీ లేదు' అంటాడు. ఆలస్యంగా వచ్చినవాడూ అదే అంటాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు. కాని ఇద్దరి మాటా ప్రమాణం కాదు.

కలివికోడి అందరికీ లభించేది కాదు. కాని ఈ పాఠం ఏ పల్లెబాటలోనైనా లభిస్తుంది. మునిమాపు వేళ పొలాల మధ్య దారిలో బండి ఆపి, దీపం ఆర్పి నిలబడితే మొదట ఏమీ వినబడదు. చెవులలో ఇంకా యంత్రపు హోరే మ్రోగుతుంటుంది. కొంతసేపటికి కీచురాళ్లు వినబడతాయి. తరువాత చెరువుగట్టున తీతువు. ఆపై తాటితోపులో పైడికంటె కిచకిచలు. మట్టిదారి మీదనే పొట్ట ఆన్చి కూర్చునే నైట్‌జార్ గొంతు అన్నిటికన్న ఆలస్యంగా తెలుస్తుంది. గట్టినేల మీద జారవిడిచిన గోళీ ఎగిరెగిరి క్రమంగా ఆగినట్లుంటుంది ఆ ధ్వని. ఈ శబ్దాలలో ఏదీ వినేవాని కోసం కొత్తగా పుట్టినది కాదు.

యోగ్యత చెవికే కాదు, మనస్సుకూ కావాలి. తీతువు అరిస్తే కీడు, గుడ్లగూబ కూస్తే మరణం అని భయపడేవానికి పక్షి వినబడదు, తన భయమే వినబడుతుంది. త్రాడుమీద సర్పాన్ని ఆరోపించినట్లు, కూతమీద అపశకునాన్ని ఆరోపించడం అధ్యాసయే. పంటను తినే ఎలుకలను తిని రైతుకు మేలుచేసే గుడ్లగూబను రాళ్లతో కొట్టడం ఆ అధ్యాసకు ఫలం.

'ఇన్నేళ్లు జపం చేశాను, ఏ అనుభవమూ కలుగలేదు, కనుక ఏమీ లేదేమో' అని కుమిలిపోయే సాధకులు ఎందరో ఉన్నారు. వారు తమను తాము అడగవలసిన ప్రశ్న ఇది: ఆ అనుపలబ్ధి యోగ్యమైనదేనా? శమదమాదులు చెవిలోని హోరును అణచేవి. తితిక్ష ఆలస్యాన్ని ఓర్చుకొనేది. ఈ విచారణ ఈశ్వరుని ఉనికిని నిరూపించదు. దానికి వేదాంతులు శ్రుతినే ప్రమాణంగా గ్రహిస్తారు. కాని తొందరపడి 'లేదు' అనే తీర్పును ఇది నివారిస్తుంది. సాధకునికి ఆ మాత్రం ఊరట చాలు, రేపటి సంధ్యకు మళ్లీ కూర్చోవడానికి.

ఇంకొక్క మాట. ఈశ్వరుని అభావాన్ని ఎవరూ సృష్టించలేరు. పక్షి అభావాన్ని మాత్రం మనిషి సృష్టించగలడు. కలివికోడి ఆవాసాన్ని కాపాడేందుకు తెలుగుగంగ కాలువ మార్గాన్నే మార్చవలసి వచ్చింది. నేటికీ అది అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాతి. ఆ పొదలు నరికివేస్తే ఒకనాటి సంధ్యవేళ, తగిన చోట, తగిన కాలంలో, ప్రశాంతచిత్తంతో నిలిచిన శ్రోతకు సైతం ఏమీ వినబడదు. ఆనాడు ఆ అనుపలబ్ధి యోగ్యమైనదే అవుతుంది. అటువంటి ప్రమాణం ఎన్నడూ సిద్ధించకుండా చూడటం ధర్మం.