మల్లెలతీర్థం దగ్గర కారు తెరుచుకోని మధ్యాహ్నం

శ్రీశైలం నుంచి హైదరాబాదు వచ్చే దారిలో వటవర్లపల్లి దగ్గర లోపలికి తిరిగితే మల్లెలతీర్థం వస్తుంది. నల్లమల నడిమధ్యన జలపాతం. బండి పైన పెట్టి దాదాపు 350 మెట్లు దిగాలి. అక్కడ సెల్‌కు సిగ్నల్ లేదు. టికెట్ ఇచ్చే చోటు, చెట్ల కింద కొన్ని బల్లలు, అంతే. పొద్దున శ్రీశైలంలో దర్శనం చేసుకుని నేను, మా నాన్నగారు, మావాడు బయల్దేరి దారిలో అక్కడ ఆగాం. డ్రైవింగ్ నాదే. నాన్నగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ళు సహకరించవు. "మీరు చూసి రండి, నేనిక్కడ కూర్చుంటా" అని చెట్టు కింద బల్ల మీద కూర్చున్నారు. పులిహోర, పెరుగన్నం కారులో ఉన్నాయి. జలపాతం చూసొచ్చాక అందరం కలిసి తిందామనుకున్నాం.

నాన్నగారికి చాలా ఏళ్ళుగా షుగర్. పొద్దునా రాత్రీ ఇన్సులిన్ వేసుకుంటారు. దాన్ని చల్లగా ఉంచాలని ప్రయాణాల కోసం కారులో పెట్టుకునే కూలింగ్ పెట్టె ఒకటి కొన్నాను. అమ్మిన షాపువాడే డిక్కీలో దానికోసం విడిగా సాకెట్ బిగించాడు. "బండి ఆపినా కూలింగ్ ఆగదు మేడం, బ్యాటరీ తగ్గితే కటాఫ్ అదే పడుతుంది" అన్నాడు. షుగర్ చూసే మిషన్, సిరంజిలు, బిస్కెట్లు అన్నీ ఆ పెట్టె పక్కనే సంచిలో పెట్టుకుంటాం.

మేం పైకొచ్చేసరికి భోజనాల వేళ ఎప్పుడో దాటిపోయింది. డోర్ హ్యాండిల్ మీది బటన్ నొక్కాను. చప్పుడు లేదు. రిమోట్ నొక్కాను. రిమోట్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది, కారు మాత్రం పలకలేదు. ఇండికేటర్లు మిణుకుమనలేదు, అద్దాలు కదల్లేదు. రిమోట్‌లో సెల్ అయిపోయిందేమోనని మావాడు అనుమానపడ్డాడు గానీ, లైటు వెలుగుతోందంటే రిమోట్ బాగానే ఉన్నట్టు. అది పంపే సంకేతాన్ని అందుకోవాల్సింది కారు. లాక్ తిప్పే చిన్న మోటారు తిరగాల్సిందీ కారు బ్యాటరీతోనే. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది.

చుట్టూ నలుగురైదుగురు పోగయ్యారు. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. ఒకాయన స్కేలు ఉందా అన్నాడు. అద్దం పక్కన రబ్బరు సందులోంచి స్కేలు దింపి లాక్ రాడ్డు లాగడం పాతకాలపు అంబాసిడర్లకు పనికొచ్చిన విద్య. ఇప్పటి కార్లలో తలుపు లోపల ఆ రాడ్డు అందకుండా కప్పేస్తున్నారు, పైకి లాగే గుబ్బ కూడా ఉండదు. తీగ వంచి ప్రయత్నించారు, రబ్బరు చిరిగింది. తోసి స్టార్ట్ చేద్దామన్నారు ఇంకొకరు. లోపలికే పోలేనిది తోసేదేమిటి! పోగలిగినా బటన్ స్టార్ట్ కారుకు బ్యాటరీలో ప్రాణం లేకపోతే స్టీరింగ్ లాక్ కూడా వదలదు.

అప్పటిదాకా ఇది చిరాకు వ్యవహారమే. ఆ తర్వాత నాన్నగారి దగ్గరికి వెళ్ళాను. మొహం నిండా చెమట. చేతివేళ్ళు వణుకుతున్నాయి. "ఆకలి కాదమ్మాయ్, ఏదో ఖాళీగా ఉంది లోపల" అన్నారు. మాట నెమ్మదిగా, తెంపుతెంపుగా వస్తోంది. పొద్దున ఇన్సులిన్ వేసుకుని రెండు ఇడ్లీలు తిన్నారు, మళ్ళీ ఏమీ తినలేదు. షుగర్ పడిపోయిందా, లేక ఎండకు నీరసమా? మిషన్ పెట్టి చూస్తే క్షణాల్లో తేలిపోతుంది. మిషన్ వెనక అద్దంలోంచి కనిపిస్తోంది కూడా, నీలం సంచిలో. 70 కంటే తగ్గితే ప్రమాదమని డాక్టరుగారు ఎన్నోసార్లు చెప్పారు. అనుమానం వస్తే పరీక్ష కోసం ఆగకండి, ముందు తీపి పెట్టండి, అదీ ఆయన చెప్పిందే. తీపి ఎక్కడుంది? బిస్కెట్లూ గ్లూకోజూ కారులోనే. నా చేతిసంచిలో ప్రసాదం కూడా లేదు. లడ్డూల కవరు డిక్కీలో పెట్టేశాం.

అద్దం పగలగొట్టమన్నాను. ఓ అబ్బాయి రాయి తెచ్చి వెనక డోరు అద్దం నడిమధ్యన కొట్టాడు. రాయి ఎగిరి జారిపోయింది, డోరు మీద పొడుగ్గా గీత పడింది. అద్దానికి ఏమీ కాలేదు. పక్క అద్దాలు కాల్చి గట్టిపరిచినవి, మధ్యలో కొడితే తేలిగ్గా పగలవు, మూలన మొనదేలిన దానితో కొట్టాలి. ఈ సంగతి అక్కడున్నవాళ్ళలో ఎవరికీ తెలియదు. రెండోసారి కొట్టబోతుండగా టికెట్లిచ్చే కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. చెంచుల పిల్లవాడు. చేతిలో పాత సీసా, అందులో నల్లటి చిక్కటి తేనె.

"తాతకు చక్కెర బీమారి ఉందన్నరు గదా అక్కా, తేనె పనికొస్తదా?"

పనికొస్తుంది. స్పృహలో ఉండి మింగగలిగితే చాలు. మూతతోనే కొలిచి, ఓ పెద్ద చెంచాడంత నాన్నగారి నోట్లో పోశాను. చేదుగా ఉందన్నారు ఆయన. అడవి తేనెలో కొన్ని పువ్వుల కాలంలో ఆ చిరుచేదు ఉంటుందట, కుర్రాడు చెప్పాడు. మావాడు వాచీ చూస్తూ పావుగంట లెక్కపెట్టాడు. ఆ పావుగంటలో ఆయన్ను మాట్లాడిస్తూ ఏమేమి అడిగానో ఇప్పుడు గుర్తులేదు. మా అమ్మ పుట్టినరోజు ఎప్పుడని కూడా అడిగినట్టున్నాను. మెల్లగా చెమట ఆగింది. "ఇంకొంచెం ఉందా?" అన్నారు. ఆ మాట విన్నాక నా కాళ్ళలో సత్తువ పోయి పక్కన కూలబడ్డాను.

రాయి సంగతి అందరూ మర్చిపోయారు. ఇక నా భయం సాయంత్రం గురించి. ఈ రోడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి పోతుంది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మన్ననూరు చెక్‌పోస్టు మూసేస్తారు. ఈలోగా బయటపడకపోతే రాత్రంతా అడవిలోనే. రాత్రి ఇన్సులిన్ కూడా కారులోనే ఉంది.

అప్పుడే అచ్చంపేట నుంచి యాత్రికులను తీసుకుని ఓ క్యాబ్ వచ్చింది. డ్రైవర్‌కు యాభై పైన వయసుంటుంది. సంగతి విని నవ్వలేదు, సలహాలూ ఇవ్వలేదు. "రిమోట్ ఇట్ల ఇయ్యండి మేడం" అన్నాడు. పక్కనున్న చిన్న బటన్ నొక్కి లాగితే రిమోట్ లోంచి బారెడు... కాదు, వేలెడంత ఇనప తాళంచెవి బయటికొచ్చింది. కొన్నప్పటి నుంచీ అది నా చేతిలోనే ఉంది. కానీ తాళంరంధ్రం ఏది? డ్రైవర్ వైపు తలుపు పిడికి చివర్న కారు రంగులోనే ఉన్న ప్లాస్టిక్ మూతకు అడుగున సన్నని సందు ఉంది. తాళంచెవి మొన దాంట్లో గుచ్చి పైకి లేపాడు. మూత ఊడొచ్చింది, దాని వెనక రంధ్రం. తిప్పితే టక్కున తెరుచుకుంది.

కారు ఇచ్చిన రోజు షోరూంలో ఫోన్‌ను పాటలకు కలపడం ఎలాగో చాలాసేపు చూపించారు. కారుకు పూలదండ వేసి ఫొటో తీశారు. ఈ మూత గురించి ఎవరూ నోరెత్తలేదు.

డ్రైవర్ తలుపు ఒక్కటే తెరుచుకుంది. మిగతావి లోపలి పిడులు లాగి తెరిచాం. డిక్కీ మాత్రం కరెంటు లేనిదే తెరుచుకోదు. మావాడు వెనక సీటు మడిచి, దాని మీదుగా పాక్కుంటూ వెళ్ళి నీలం సంచి అందించాడు. లోపల వేడి పొయ్యి మీది పెనంలా మొహానికి కొట్టింది. షుగర్ మిషన్ తెరవగానే వేడి ఎక్కువైందని గుర్తు చూపించి ఆగిపోయింది. నీడలో పెట్టి చల్లారాక చూస్తే 98. తేనె పోసి అప్పటికి గంట దాటింది. అంతకుముందు ఎంత ఉండేదో ఇక తెలిసే దారి లేదు. నాన్నగారు పులిహోర తిన్నారు. కుర్రాడికీ డ్రైవర్‌కూ పెట్టాం.

బానెట్ తెరిచే లివర్ స్టీరింగ్ కింద ఉంటుంది, అది మామూలు కేబుల్, బ్యాటరీతో పనిలేదు. డ్రైవర్ తన కారు ఎదురుగా తెచ్చి జంపర్ కేబుళ్ళు తీశాడు. ఎర్రది ముందు మా బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత వాళ్ళ ప్లస్‌కు. నల్లది వాళ్ళ మైనస్‌కు, రెండో కొస మా ఇంజిన్ మీద రంగులేని ఇనుముకు. "బ్యాటరీ మీదనే పెడితే నిప్పురవ్వ లేస్తది, గ్యాసుంటది" అన్నాడు. కరెంటు అందగానే మా కారు గుండెలదిరేలా హారన్ కొట్టడం మొదలుపెట్టింది. తాళంచెవితో తెరిచిన తలుపును అది దొంగతనమే అనుకుంది! రిమోట్ నొక్కితే ఊరుకుంది. కాసేపు ఆయన ఇంజిన్ నడిపాక మాది స్టార్ట్ అయింది. కూలింగ్ పెట్టె వైరు ఆయనే పీకి సీటు మీద పడేశాడు. "ఇంటికి పోయేదాక బంద్ చెయ్యకండి." డబ్బు ఇస్తే కేబుళ్ళు చుట్టుకుంటూ చెయ్యి ఊపాడు.

ఎక్కడా ఇంజిన్ ఆపలేదు. వెలుగుండగానే మన్ననూరు దాటాం. పెట్టెలోని ఇన్సులిన్ చేతికి వేడిగా తగిలింది. ముప్ఫై డిగ్రీలు దాటిన చోట పెట్టకూడదు దాన్ని. ఆమనగల్లులో మందులషాపు ముందు నేను స్టీరింగ్ వదలకుండా కూర్చుంటే మావాడు దిగి కొత్తది తెచ్చాడు.

మర్నాడు మెకానిక్ లెక్క చెప్పాడు. ఆ పెట్టె నాలుగు ఆంపియర్ల కరెంటు లాగుతుంది. మా బ్యాటరీ కొత్తలోనే 35 ఆంపియర్-అవర్లది, నాలుగేళ్ళ ఎండలకు అందులో మిగిలింది కొంచెమే. మేం జలపాతం దగ్గరున్న సేపు చాలు దాన్ని పిండెయ్యడానికి. కటాఫ్ అన్న మాట నిజమే, ఆ పరికరం ఉంది కూడా. సాకెట్ వైరును దానికి కలపకుండా నేరుగా బ్యాటరీకి తగిలించారు.

షాపువాడి దగ్గరికి వెళ్ళి చూపించాను. "బ్యాటరీ పాతదండి, మా వైరింగ్‌కేం?" అన్నాడు. వైరు మొత్తం పీకేయమన్నాను. పీకాక లేబర్ చార్జీ అడిగాడు. ఇవ్వలేదు.